నల్లరాతి కల్వము

నేను నల్లరాతి కల్వమును. జానెడు పొడవు, నడుమ దోనెవలె లోతు, కొనలయందు సన్నగిల్లిన యంచులు, ఇదియే నా స్వరూపము. నాతో కూడ ఒకే బండనుండి పుట్టిన పొత్రము నేటికిని నా యొడిలోనే యున్నది. అనంతపురము సీమలో కళ్యాణదుర్గమునకు చెంతనున్న యొక పల్లెలో, రాతిమిద్దె వంటయింటి గూడు నా నివాసము. ఘనవైద్యుల యిండ్లలోని నా జాతివారు స్వర్ణభస్మమును, రససిందూరమును మర్దించి కీర్తి గడించిరి; నాకు దక్కినవి వాము, శొంఠి, జీలకర్ర, ఇంగువ, కరక్కాయ, దానిమ్మ పెచ్చు. అజీర్తి, ఉబ్బరము, మెలిపెట్టు నొప్పి, ఒకటి రెండు మారులు కదలిన కడుపు, ఇట్టి చిన్న బాధలను ఉపశమింపజేయుటయే నా వృత్తి. ఈ పని స్వల్పమని నేనెన్నడును భావింపలేదు. ఏలయన, ఒక్క దినపు కూలి పోయినచో ఆ రాత్రి సంగటికి కొరతపడు సీమలో, తెల్లవారుతూనే కడుపు పట్టుకొని కూర్చున్న మనుష్యుని, పొద్దు నడినెత్తికి రాకమున్నే చేనికి పంపగలుగుట సామాన్యమైన యుపకారము కాదు.

మా సీమ స్థితి తెలియనివారికి నా కథ బోధపడదు. నైరుతి మేఘములు పడమటి కనుమలపైననే తమ భారమును దింపుకొని, వట్టి గాలులై మా మీదుగా సాగిపోవును. ఈశాన్యపు మేఘములు తూర్పు తీరమును తడిపి, ఇంత దూరము వచ్చుసరికి క్షీణించును. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదియును తరచుగా అదను తప్పి కురియునది. పెన్న, చిత్రావతి, వేదవతి సంవత్సరములో అధికభాగము ఇసుకదారులే. వేసవిలో బావి అడుగంటి, ఆడవారు బురదనీటిని గుడ్డలో వడకట్టి తెచ్చుకొను దినములలో నాకు విరామమే యుండెడిది కాదు. నీటి కొరతకును కడుపు జబ్బులకును గల సంబంధమును నా గూటి యెదుటనున్న నీళ్ల కాగే నాకు నేర్పినది.

అయినను నాకు మిక్కిలి ప్రియమైన కాలము వేరు. ఆషాఢములో విత్తిన చెనిక్కాయ కార్తికమునాటికి పెరుకుటకు వచ్చును. ఎఱ్ఱనేలనుండి చెట్టును పీకి మన్ను దులిపినంతనే పిల్లలు మూగి, పచ్చికాయలను ఒలిచి, పాలుగారు గింజలను పొద్దుగూకుదాక తిని, పైని చెంబులకొలది నీళ్లు త్రాగుదురు. దీపములవేళకు ఫలితము కానవచ్చును.

"జేజీ, కడుపు నొస్తాంది."

"ఏం తింటివిరా పొద్దున్నుంచి?"

"చెనిక్కాయలు."

"ఇంగేం తింటివి?"

"చెనిక్కాయలే."

ఈ యింటి పెద్దయు, ఆ బాలుని నాయనమ్మయునైన జేజి మారుమాటాడక వాని నాలుక చూచి, పొట్టపై రెండు వ్రేళ్లతో తట్టి, ఉబ్బరమేయని నిశ్చయించుకొనిన పిమ్మట నన్ను గూటినుండి దింపెడిది. డబ్బాలోని వామును అరచేత బోసికొని, మట్టిబెడ్డలు ఏరి, మంగలములో క్షణకాలము వెచ్చచేసి, నా యొడిలో వేసి, నాలుగు రాళ్ల ఉప్పు చేర్చెడిది. మెత్తగా నూరుట ఆమెకు సమ్మతము కాదు. గింజ విరిగి వాసన లేచినంతనే పొత్రమును నిలుపవలెను, మించి నూరినచో ఘాటంతయు గాలిపాలగునని ఆమె మతము. చిటికెడు పొడి వాని నాలుకపై వేసి, గోరువెచ్చని నీరు త్రాగించి, ప్రక్కనే కూర్చుండెడిది. కొంతసేపటికి బాలునికి పెద్ద త్రేన్పు వచ్చెడిది; దానితో ఇంటిల్లిపాదికిని నిశ్చింత.

ఆమె మతము శాస్త్రమునకు విరుద్ధము కాదు. వాము గింజపై కనబడు గీతల నడుమ సన్నని తైలనాళములు కలవు. గింజ తూకములో నూటికి 2 మొదలు 4 పాళ్లు సులభముగా ఆవిరియగు తైలమే. అందు ముఖ్యమైన పదార్థము థైమాల్. కడుపులోని వాయువును వెడలించుటకును, పేగుల బిగింపును సడలించుటకును ఆ తైలము తోడ్పడును. 1914లో మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమగువరకు మన దేశపు వాము ఓడలపై జర్మనీకి చేరి, అచ్చట థైమాల్‌గా మారుచుండెను. 1909 మొదలు అమెరికా దక్షిణ రాష్ట్రములలో కొంకిపురుగు వ్యాధిపై రాక్‌ఫెల్లర్ సంఘమువారు సాగించిన ఉద్యమమున రోగులకిచ్చిన మందు థైమాలే. మా జేజి సంతలో కొన్న వాము మాత్రము కర్నూలు వైపు నల్లరేగడి చేలలో మంచుకు పండినది.

ఉగాదినాడు ఓళిగలు నేతితో తిని పొట్ట బరువెక్కినవారికి వేరొక యోగము కలదు. ఇంగువ, శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము, సైంధవలవణము, జీలకర్ర, నల్లజీలకర్ర కూడిన హింగ్వాష్టక చూర్ణమును మరునాటి తొలిముద్దలో నేతితో కలిపి తినుట ఆయుర్వేదులు చెప్పిన పద్ధతి. కడుపు కదలినవారికి ఎండిన దానిమ్మ పెచ్చు పొడి, పలుచని మజ్జిగలో; దాని వగరు పేగులను బిగించును. నాడు పెరటిలో ఒంటిచెట్టుగా నుండిన దానిమ్మ నేడు బిందుసేద్యపు తోటలై జిల్లాలో విస్తరించినది, గాని పెచ్చును ఎండబెట్టి దాచుకొను ఇండ్లు అరుదైనవి. ఇది నాకు బాధ కలిగించు విషయము.

నా శక్తికి హద్దులు కలవు. వానిని దాచుట నాకిష్టము లేదు. 1876-78 నాటి ధాత కరువు సంగతి ఈ యింటి పెద్దలు తరతరములుగా చెప్పుకొనగా వింటిని. నాడు మా సీమ బళ్లారి జిల్లాలోనిది. అనంతపురము ప్రత్యేక జిల్లా యైనది 1882లో. కరువు పనులలో మన్ను మోయువానికి సర్కారు తరఫున రిచర్డు టెంపుల్ దొర నిర్ణయించినది దినమునకు ఒక పౌను ధాన్యమును, దానిపై కొద్ది చిల్లరయు. ఆకులు, గడ్డలు తిన్న కడుపులలో నొప్పి పుట్టెను. దానివెంట కలరా వచ్చెను. ఆ నొప్పికి వాము మందు కాదు. ఆకటిని మాన్పు చూర్ణము ఏ కల్వములోను నూరబడదు.

ఈ భేదము మా జేజికి చక్కగా తెలిసియుండెడిది. ఆమెపై నాకు గల గౌరవమునకు మూలమదియే. మలములో నెత్తురు కనబడినను, వాంతులు ఆగకున్నను, నొప్పి పొట్ట కుడివైపు దిగువకు దిగి నిలిచినను నన్ను ముట్టక, బండి కట్టుమని కొడుకును పిలిచెడిది. చంటిబిడ్డలకు నా ఘాటు తగదని, ఎవరెంత బ్రతిమాలినను నూరెడిది కాదు. బేదులు పట్టిన పిల్లవానికి మొట్టమొదట ఉప్పు వేసిన గంజిని త్రాగించెడిది. 1971లో బంగాళ శరణార్థుల శిబిరమున, బొంగావ్‌లో, డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని నోటనే త్రాగించి కలరా రోగులను బ్రతికించిన పిమ్మట ఆ పద్ధతి లోకమంతటను వ్యాపించినది. మా గూటికి ఆ మిశ్రమపు పొట్లము, అనగా ఓఆర్ఎస్, చేరినది ఒక నర్సమ్మ చేతిమీదుగా. పొట్లము లేనినాడు లీటరు కాచి చల్లార్చిన నీటిలో అర టీచెంచా ఉప్పు, 6 టీచెంచాల చక్కెర కలుపవలెనని ఆమె జేజి కోడలిచేత చేయించి చూపినది.

1969లో ఈ జిల్లాకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ గారి సంస్థ బత్తలపల్లిలో ఆసుపత్రి నెలకొల్పినది. 1995లో ఆరంభమైన శ్రీ సత్యసాయి నీటి పథకము 700కు పైగా గ్రామములకు త్రాగునీటిని అందించినది. కొళాయిలో మంచినీరు వచ్చిననాటినుండి మా యింట నా పని తగ్గినది. అందుకు నేను మనసారా సంతోషించుచున్నాను.

జేజి కాలము చేసినది. ఆమె కోడలు మసాలాలకు మిక్సీని వాడును గాని వామునకు మాత్రము నన్నే దింపును. చిటికెడు గింజలు ఆ యంత్రమునకు అందవు. చదువరులారా, మీ యింటను నావంటి రాయి యొకటి మూలబడి యున్నచో కడిగి వాడుకొనుడు. దాని ప్రక్కనే రెండు ఓఆర్ఎస్ పొట్లములు కూడ నుంచుడు. పిల్లవాని కన్నులు గుంటలు పడి, నోరు ఎండి, మూత్రము తగ్గినచో నా వైపు చూడకుడు. ఆ పొట్లము కలిపిన నీటిని గుక్కగుక్కగా త్రాగించుచునే ఆసుపత్రికి బయలుదేరుడు.