పట్టు మఫ్లరు, మట్టి కుండ

అనంతపురంలో మఫ్లరు కట్టుకునే మగవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. డిసెంబరులో తెల్లవారుజామున పాలకు పోయే పెద్దాయనలు, అంతే. మిగతా కాలమంతా ఇక్కడ ఒంటిమీద బనియనే బరువు. అలాంటి ఊళ్ళో ఉంటూ, రిటైరయ్యాక నాకు అల్లిక పిచ్చి పట్టింది. నవ్వకండి. మీ ఇంట్లోనూ రిటైరైన మగవాడుంటే ఏదో ఒక పిచ్చి ఉండే ఉంటుంది. హోమియోపతో, మిద్దెతోటో.

దీనికంతా మూలం మా అమ్మాయి. డల్లాస్ నుంచి వస్తూ వాళ్ళమ్మకని ఒక దారపుండ తెచ్చింది. ఊలు కాదు, పట్టు. పాత పట్టుచీరలూ, మగ్గాల దగ్గర మిగిలిపోయిన పోగులూ కలిపి వడికిందట. మన దేశంలోనూ నేపాల్లోనూ వడికితే, అమెరికాలో అల్లికల సరదా ఉన్నవాళ్ళు డాలర్లు పోసి కొంటారట. జానెడు దూరం ఊదా, ఆపైన చిలకపచ్చ, ఆ తర్వాత పండుమిరప ఎరుపు.

మా ఆవిడ పుట్టిల్లు ధర్మవరం. పట్టు సంగతి ఆమెకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. దారాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి, "పాత పట్టుచీరలు కొంటాం, చిరిగినా పరవాలేదని కేకేసుకుంటా వచ్చినవానికి నా పెళ్ళిచీర ఇచ్చేశారు కదా, గుర్తుందా? జరీలో వెండి ఉందని వాడు తూకమేసి తీసుకుపోయె. మనం పోకపోయినా మన గుడ్డ అమెరికా చూసొచ్చింది చూడండి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఉండ నా చేతికొచ్చింది. రెండు సైకిల్ పుల్లలు తెచ్చి, కొసలు గచ్చుమీద అరగదీశాను. యూట్యూబులో ఒక పెద్దావిడ హిందీలో "సీధా, ఉల్టా" అంటూ నేర్పుతోంది. నాకు అర్థమైన హిందీ "ఉల్టా" ఒక్కటే. అల్లికా అలాగే వచ్చింది. నాలుగు వేళ్ళ వెడల్పుతో మొదలైన మఫ్లరు రెండో కొసకు చేరేసరికి జానెడున్నర అయింది. కన్నులు ఎక్కడ పుట్టుకొచ్చాయో ఆ దేవుడికే తెలియాలి. అడిగినవాళ్ళకు డిజైనని చెప్పాను.

దాన్ని చుట్టుకుని ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు వాకింగుకెళ్ళాను. అందరూ తిరిగి తిరిగి చూస్తున్నారు. నేను కాస్త మెడ నిక్కించాను కూడా. మఫ్లరు విప్పి చెమట తుడుచుకుంటుంటే ఒక మిత్రుడు దగ్గరికొచ్చి, "సార్, షుగరు చూపించుకుంటున్నారా?" అని గొంతు తగ్గించి అడిగాడు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే మెడ చుట్టూ వంకాయ రంగు. బనియను సంగతి అడక్కండి.

మర్నాడు ఇంకో మిత్రుడు ఓదార్చాడు. ఆయనది కల్యాణదుర్గం వైపు, గొర్రెలు కాసిన కురుబల ఇల్లు. "కంబళి కట్టుకోండి సార్. నల్లగొర్రె బొచ్చుకు నలుపు పుట్టుకతోనే వస్తుంది, చెమటకు దిగేది కాదు. గుంటమగ్గంమీద నేసి చింతగింజల గంజి పట్టిస్తే వాన కూడా తొందరగా లోపలికి దిగదు. చళ్ళకెరె పోతే ఇప్పుడూ దొరుకుతాయి" అన్నాడు. నా ఓటమి మీద ఆయన వంశప్రతిష్ఠ నిలబెట్టుకున్నాడు.

మా ఆవిడ మఫ్లరును ఉప్పునీళ్ళలో నానేసింది. మొదటి బకెట్టు ఊదా, రెండోది ఎరుపు, ఆపైన ఏ రంగో చెప్పలేం. "మన జిల్లాలో వాన తక్కువని, ఏడాదికి 550 మిల్లీమీటర్లేనని బడిపిల్లలచేత వల్లె వేయించిన అయ్యవారి మఫ్లరుకు ఇన్ని నీళ్ళా!" అంటూనే ఒక్క చుక్క పారబోయకుండా బాత్రూముకు వాడింది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం నీళ్ళు తాగుదామని వెళితే కుండ నా మఫ్లరు చుట్టుకుని కూర్చుంది. సన్నకొస మెడకు, వెడల్పు కొస పొట్టకు. కొలతలు తీసి అల్లినా అంత బాగా కుదరదు. మా ఆవిడ దానిమీద నీళ్ళు చిలకరిస్తోంది. తడి ఆరేటప్పుడు కుండలోని వేడిని ఎలా లాక్కుపోతుందో, గుప్తోష్ణం అంటే ఏమిటో చెప్పబోయాను. "మా అవ్వ తడిగోనె చుట్టేది. ఆమెకు చెప్పిండాల్సింది మీరు" అంది.

వీడియోకాల్లో అమ్మాయి కుండను చూసి, "ఎంత బాగా అల్లినావమ్మా!" అని మురిసిపోయింది. "ఏదో లేమ్మా" అంది వాళ్ళమ్మ, సిగ్గుపడుతూ. నేను పక్కనే ఉన్నాను. పక్కింటివాళ్ళూ ఎదురింటివాళ్ళూ తమ కుండలకూ కావాలన్నారు. ఒప్పుకున్నది ఆమె, అల్లేది నేను.

ఈసారైనా వంకర పోకూడదని కన్నులు లెక్కపెట్టుకుంటుంటే మా ఆవిడ పుల్ల పట్టుకుని ఆపేసింది.

"లెక్కపెట్టద్దండి. సరిగ్గా వచ్చిందంటే కుండకు పట్టదు."