వేట విరామంలో ట్యాంకు సంసారం

వైనతేయ పాయ బంగాళాఖాతంలో కలిసే ఓడలరేవులో, తూర్పు తీరమంతటా ఉన్నట్లే, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరబోట్లకు సముద్రంలో వేట నిషిద్ధం. చేపలు నిశ్చింతగా గుడ్లు పెట్టుకోవాలన్నది ఆ విరామం ఉద్దేశం కాగా, రేవులో కట్టేసిన బోటు డీజిల్ ట్యాంకులోని జీవులు ఆ ఉత్తర్వు తమకూ వర్తిస్తుందని భావించి, చేపలకంటె శ్రద్ధగా సంతానాన్ని వృద్ధిచేసుకుంటాయి.

ఈ జీవులలో బాక్టీరియా, ఈస్టు, బూజు అనే మూడు తెగలున్నాయి. వాటిలో పేరుమోసినది హార్మోకోనిస్ రెసినే అనే బూజు. 1950, 60 దశకాలలో జెట్ విమానాల రెక్కల్లోని ఇంధన ట్యాంకులలో కాపురం పెట్టి ఇంజనీర్లను హడలెత్తించిన వంశం కనుక, చేపల బోటులో బస దాని హోదాకు కాస్త తక్కువే అయినా, అది అటువంటి పట్టింపులకు పోదు. డీజిల్‌లోని హైడ్రోకార్బన్లు, అనగా కార్బన్, హైడ్రోజన్ పరమాణువులు కలిసిన గొలుసులు, దీని భోజనం. ఓఎన్‌జీసీ టెర్మినల్ వెలసిన ఈ ఊళ్ళో ఏ అనుమతిపత్రమూ లేకుండా హైడ్రోకార్బన్ల వ్యవహారం నడిపేది బహుశా ఇదొక్కటే. దీనిని నాచు అనుకోవడం మాత్రం పొరపాటు. ఎండతో అన్నం వండుకునే నాచుకు చీకటి ట్యాంకులో పొయ్యి వెలగదు.

తిండి డీజిల్ అయినా, కాపురానికి నీరు కావాలి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు పగటి వేడికి గాలిని వదిలి, రాత్రి చల్లదనానికి సముద్రపు తేమగాలిని పీల్చుకోగా, ఆ తేమ లోపలి గోడలకు చెమటలా పట్టి జారి, డీజిల్‌కంటె బరువైనది కనుక అడుగుకు చేరుతుంది. ఆ అడుగు సరుకును గాజుసీసాలోకి పట్టి కాసేపు కదపకుండా ఉంచితే, పైన తేనెరంగు డీజిల్, కింద మురికినీరు, రెంటికీ నడుమ గోధుమ నలుపు మీగడ ఒకటి తేరుకుంటుంది. సీసాను వంచితే ఆ మీగడ తెగకుండా, బద్ధకంగా, తోలులా ఒక పక్కకు జరుగుతుంది. నీళ్ళలో కూర్చుని నెత్తిమీది డీజిల్‌ను భోంచేసే పంక్తి అదే. ఈ పంక్తిలోనే గంధకపు లవణాలపై బతికే బాక్టీరియా కూడా ఉంటే, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే వాయువును వదులుతూ ఉక్కు ట్యాంకును అడుగునుంచి తినేస్తుంది.

రేవులో ఉన్నన్నాళ్ళూ ఈ సంసారం గుట్టుగానే సాగుతుంది. విరామం ముగిసి బోటు మొగ, అనగా నది సముద్రంలో కలిసే ముఖద్వారం, దాటేటప్పుడు అలలకు అడుగు మష్టంతా పైకి కదిలి ఫిల్టరుకు అడ్డంపడితే, ఇంజన్ ఎక్కడ ఆగకూడదో సరిగ్గా అక్కడే ఆగుతుంది.

నివారణ అంతా నీటిని తీసివేయడంలోనే ఉంది. అడుగు కుళాయి తిప్పి నీటిని వదలడం, నీటిని వేరుచేసే ఫిల్టరు గిన్నెను తరచు ఖాళీచేయడం, మూత రబ్బరు చీలితే మార్చడం, వానలో డీజిల్ పోయకపోవడం ముఖ్యమైన పనులు. బయోసైడ్ అనే జీవనాశక మందు పనిచేస్తుంది గాని, పేరుకున్న మష్టును ముందుగా కడిగి తీయకపోతే, బతికుండగా ఫిల్టరుకు అడ్డంపడినవి చచ్చి కూడా అడ్డంపడతాయి.

విరామానికి ముందు ట్యాంకును నిండుగా నింపితే తేమగాలికి చోటుండదని శాస్త్రం చెబుతుంది. రెండు నెలలు వేట రాబడి లేని ఇంటిని డీజిల్‌పై అంత డబ్బు పోయమనడం శాస్త్రానికి తేలిక. పూర్తిగా ఖాళీచేసి ఆరబెట్టడం అంతకంటె చవక. సగం నింపి వదలడమే అన్నిటికంటె చెడ్డది. పైగా నిండు ట్యాంకును చూసి సూక్ష్మజీవులు నిరాశపడినా, రాత్రివేళ గొట్టమూ డబ్బాలూ పట్టుకుని స్థూలజీవులు వచ్చే ప్రమాదముంది కనుక, ఫిల్టరు, కుళాయి, బయోసైడ్‌లతోపాటు నివారణ సామగ్రిలో ఒక మడతమంచాన్నీ, దానిమీద తేలికగా నిద్రపట్టని మనిషినీ చేర్చవలసి ఉంటుంది.