గోడెక్కిన కందిపప్పు

మా ఇంట్లో ఏ వస్తువైనా చెత్తబుట్టలో పడాలంటే ముందు నా అనుమతి కావాలి. కోడిగుడ్డు పెంకులు, కొబ్బరి పీచు, ఉల్లిపొట్టు, తెగిన జిప్పులు, ఆర్టీసీ టికెట్లు, మావారు మింగేసిన మాత్రల అట్టలు, అన్నిటికీ బాల్కనీలో తలో డబ్బా ఉంది. ఇదంతా ఏమిటని అడిగినవాళ్లకి ‘మిక్స్‌డ్ మీడియా’ అంటాను. అడగనివాళ్లకి మావారే పిలిచి చెబుతారు, వేరే పేరుతో.

ఆయన ఆడిటరుగా రిటైరయ్యారు. ప్రతిదానికీ వోచరు కావాలి. చూపించాను. 1912లో పికాసో కుర్చీ అల్లిక బొమ్మ వెయ్యడం మానేసి, అల్లిక అచ్చేసిన ఆయిల్‌క్లాత్ ముక్కే అంటించేశాడు. చుట్టూ ఫ్రేముకి బదులు తాడు కట్టాడు. జర్మనీలో కుర్ట్ ష్విటర్స్ ట్రామ్ టికెట్లు, చిత్తుకాగితాలు ఏరి అంటించి పేరు తెచ్చుకున్నాడు. ఇటలీ డాక్టరు అల్బెర్తో బుర్రి రెండో ప్రపంచయుద్ధంలో ఖైదీగా టెక్సాస్ శిబిరంలో ఉండగా బొమ్మలు మొదలుపెట్టి, తర్వాత వైద్యానికే స్వస్తి చెప్పి గోనెసంచులకి కుట్లు వేశాడు.

“ఆయన డాక్టరు, కుట్లు వెయ్యడం వచ్చు. నా చొక్కాకి బొత్తాం కుట్టమని నెల్లాళ్లుగా మొత్తుకుంటున్నాను” అన్నారు మావారు.

ఆ బొత్తాం అప్పటికే నా ‘గ్రహణం’లో సూర్యుడై వెలుగుతోంది. ఆ సంగతి నేనెత్తలేదు.

ఈ విద్యలో అసలు కష్టం ఊహ కాదు, జిగురు. అర్థం కాకపోతే చూసినవాడి తప్పు. ఊడిపోతే మాత్రం మన పరువు పోతుంది. గుడ్డు పెంకు లోపలి పొర ఒలిచెయ్యకపోతే సరిగ్గా పట్టదు, పైగా వాసనొకటి. సుద్దపొడిలో ఫెవికాల్ కలిపిన ముద్దని కాన్వాసు మీద మందంగా మెత్తితే ఆరాక బీటలు వారుతుంది. చెక్కపలక మీద పలచగా పొరమీద పొర వేసుకోవాలి. తడి ఆరకముందే దువ్వెనతో గీస్తే దున్నిన చేను. జంతికల గొట్టంలో పెట్టి నొక్కితే... అక్కడ మా అత్తగారు వచ్చేశారు.

“అమ్మాయ్, దీపావళికి జంతికలు దేంతో వండుతావు?”

గొట్టం జప్తయింది. కానీ బదులుగా విద్య దొరికింది. అత్తగారి పుట్టిల్లు కొండపల్లి దగ్గరే. అక్కడ బొమ్మలవాళ్లు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి మక్కు తయారుచేస్తారు. తెల్లపొణికి చెక్క ముక్కల్ని దాంతోనే అతుకుతారు. ఏనుగు మీద అంబారీ, అంబారీలో మనుషులు ఏళ్ల తరబడి కదలకుండా కూర్చుంటారు. “మీ పికాసోకి ఇది తెలీదు కామోసు” అన్నారావిడ, అదేదో పికాసో మా పుట్టింటివాడైనట్టు. చేర్యాలలో నకాషీలు కూడా బొమ్మ గీసేముందు గుడ్డకి గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టిస్తారు. నేను షాపులో గెస్సో పేరు మీద కొంటున్నది ఇంచుమించు ఆ వరసదే.

చింతగింజలు వేయించి, పొట్టుతీసి, నానబోసి, రుబ్బి, ఉడికించాం. ఆ జిగురుతో పలక నిండా కందిపప్పు, నూకలు, ఆవాలు పరిచాను. పేరు ‘సమృద్ధి’. “జిగురులో మైలుతుత్తం వెయ్యి, బైండింగువాళ్లు మైదాపిండి జిగురులో వేస్తారు, పురుగు పట్టదు” అన్నారు అత్తగారు. “విషం! ఇంట్లోకి రానివ్వను” అన్నారు మావారు.

చీమలు వచ్చాయి. నా బొమ్మల్ని ఇంత దగ్గరగా, ఇంత ఓపిగ్గా, వరసలో నిలబడి చూసినవాళ్లు అంతవరకూ లేరు. గింజ గింజా పరిశీలించి, నచ్చినవి పట్టుకుపోయాయి. వారం తిరిగేసరికి పలక మీద ఎండిన జిగురు, గింజలూడిన గుంటలు, అక్కడక్కడా ఆవాలు మిగిలాయి. నిజం చెప్పాలంటే ముందుకన్నా బాగుంది.

పాత చీటీ పీకేసి ‘కరువు’ అని కొత్తది అంటించాను. ధర వెయ్యి రూపాయలు పెంచాను.

“సరుకు తగ్గితే రేటు ఎలా పెరుగుతుందోయ్?” అన్నారు ఆడిటరుగారు.

“కరువులో పెరగవటండీ?” అన్నాను.