సాధారణ బదిలీయేనండీ!

ఏ మంత్రిగారినైనా అడగండి, అధికారుల పనిలో మేం వేలు పెట్టం అనే అంటారు. మరి ఫలానా ఆయన్ని రాత్రికి రాత్రి కదిపారేం అంటే, సాధారణ బదిలీ. హర్యానాలో అశోక్ ఖేమ్కా అనే ఐఏఎస్‌కి ఈ ‘సాధారణం’ 34 ఏళ్లలో 57 సార్లు జరిగింది. సగటున ఏడు నెలలకొకటి. రాబర్ట్ వాద్రా సంస్థకూ డీఎల్ఎఫ్‌కూ నడిచిన భూమి వ్యవహారంలో మ్యుటేషన్‌ను 2012లో రద్దు చేసిన పెద్దమనిషి ఈయనే. కాంగ్రెస్ కదిపింది, తర్వాత వచ్చిన బీజేపీ కూడా కదిపింది. ఇంత ఏకాభిప్రాయం ఆ రెండు పార్టీలకూ ఇంకెందులో కుదిరింది? ఆర్కైవ్స్ శాఖకైతే ఆయన్ను మళ్లీ మళ్లీ పంపారు. పాత కాగితాలతో ఎవరికీ ప్రమాదం లేదనుకున్నారు కాబోలు.

అయినా ఖేమ్కా నయం. ఆయన చేతిలో ఉత్తర్వు కాగితమైనా ఉంది. అసలు విద్య కాగితమెక్కదు. కిందివాడు రూల్ చూపించి ‘అనుమతించుటకు వీలులేదు’ అని నోట్ పెడతాడు. పైకెళ్లిన ఫైలు మార్జిన్‌లో ఒక్క మాటతో దిగొస్తుంది: ‘మాట్లాడండి’. వెళ్లి మాట్లాడతాడు. ‘పెద్దాయన గట్టిగా చెప్పారయ్యా’ అన్నది విని వస్తాడు. మర్నాడు అదే చేత్తో ‘ప్రత్యేక సందర్భముగా భావించి సడలించవచ్చును’ అని రాస్తాడు. రేపు ఏసీబీ వచ్చినా సీబీఐ వచ్చినా దొరికేది ఆ సంతకమే. పెద్దాయన జాడ ఫైల్లో ఎక్కడా ఉండదు.

పైవాడి ఆదేశం రాతలో ఉండాలనీ, నోటితో చెబితే తర్వాతైనా రాసివ్వాలనీ అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది. ఉన్న రూల్‌ను అమలు చేయించండి మహాప్రభో అని మాజీ కేబినెట్ కార్యదర్శి టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్‌తో సహా 83 మంది సుప్రీంకోర్టుకెక్కారు. అంతా రిటైరయ్యాకే లెండి. సర్వీసులో ఉండగా వెళ్తే పోస్టింగ్ ఇవ్వకుండా ‘జీఏడీలో రిపోర్ట్ చేయండి’ అంటారు! 2013 అక్టోబర్ 31న కోర్టు సరేనంది. నోటి మాట మీద పని చేయొద్దంది, కనీస పదవీకాలం, బదిలీలకు బోర్డు ఉండాలంది. రాష్ట్రంలో ఆ బోర్డుకు పెద్ద ప్రధాన కార్యదర్శి. ఆయన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టేది ముఖ్యమంత్రి. రెండేళ్లలోపు కదపాలంటే కారణం రాయాలట. ‘పరిపాలనా సౌలభ్యం’ అని రాస్తే సిరా ఎంత ఖర్చవుతుంది?

నా అభిప్రాయానికి ఎదురుగా నోట్ రాసే స్వేచ్ఛ నా కార్యదర్శులకు ఇచ్చానని పటేల్ 1949లో రాజ్యాంగ సభలో చెప్పారు. మనం ఆయనకు 182 మీటర్ల విగ్రహం కట్టి ఆ బాకీ తీర్చేసుకున్నాం.

ఇప్పుడు ‘మాట్లాడండి’ అని రాసే శ్రమ కూడా తగ్గిపోతోంది. బతకనేర్చిన కుర్ర అధికారి ఫైలు తెరవకముందే ఫోన్ చేస్తున్నాడు: ‘సార్, నోట్ ఎలా పెట్టమంటారు?’ రాబోయే జాబితాలో ఆయనకు మంచి జిల్లా ఖాయమని సచివాలయం క్యాంటీన్‌లో అనుకుంటున్నారు.