స్నానపుగదిలో పట్టుగొమ్మ

ఇల్లు కట్టబూనిన తెలుగువాడు వాస్తుసిద్ధాంతిని రావించి, ఈశాన్యమున నూతిని, ఆగ్నేయమున వంటయింటిని, నైఋతిమూల యజమాని పడకగదిని నిర్ణయించుకొని, గృహప్రవేశమునాడు విచ్చేయు బంధుకోటి తమ ముఖబింబములను చూచుకొని బొట్టు దిద్దుకొనుటకు వీలగునంత నున్నగా నేలయంతటను గ్రానైటు పరపించునే గాని, ఆ యింటనే తాను వృద్ధుడై యర్ధరాత్రమున లేచినపుడు చేతి కేమి దొరకునని సిద్ధాంతినిగాని మేస్త్రీనిగాని యడిగిన పాపమున బోడు. బంధువు లాపూట భోజనము చేసి, తాంబూలము పుచ్చుకొని వెడలిపోదురు. నేల మాత్రము మిగులును.

తెనాలిలోని మా యింటి నేలయు నట్టిదే. దానిపై నీటిచుక్క పడినచో కనబడదు. తరువాత పడినవాడు మాత్రము స్పష్టముగా కనబడును. అనుకోని గాయములచే సంభవించు మరణములలో రోడ్డు ప్రమాదముల తరువాతి స్థానము పడిపోవుటదే యని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. మనమో, పెరటిలో పామున్నదేమో యని టార్చిలైటు పట్టుకొని నడతుము గాని, సబ్బునీరు నిలిచిన స్నానపుగదిలోనికి చీకటిలోనే నిర్భయముగా ప్రవేశింతుము.

ఎనుబదిమూడేండ్ల మా అమ్మకు ఇల్లు నిరపాయముగా నుండవలెనని మొదట సంకల్పించినవాడు అమెరికాలోని మా తమ్ముడు. సంకల్పము వానిది, సిమెంటు ఖర్చు నాది. "అన్నయ్యా, ముందు ఆ గడపలన్నీ తీయించేయి" అని వాడు ఫోనులో సెలవిచ్చెను. అమ్మ యా మాట వినెను. "గడప లేకపోతే లక్ష్మీదేవి ఎక్కడ నిలబడుతుందిరా, మీ ఫ్రిజ్జు మీదా?" అనెను. దానితో అమెరికా వైపు సంభాషణ ముగిసెను.

నిజమునకు అమ్మ పక్షముననే న్యాయమున్నది. కంటిచూపు మందగించినవారి కొరకు మెట్టు అంచులకు వేరు రంగు వేయుమని నేటి నిపుణులు బోధించుచున్నారు; మన యిల్లాండ్రు శుక్రవారమునాడు గడపకు దట్టముగా పసుపు పూసి, నడుమ కుంకుమబొట్లు పెట్టి యీ పని యెన్నడో చేసినారు. అరడుగు ఎత్తున పచ్చగా మెరయు గడపను ముదుసలి దాటగలదు. నేలరంగునే ధరించి స్నానపుగది ద్వారమున పొంచియుండు అరంగుళపు అంచును దాటలేదు. మా యింట అమ్మ కాలి బొటనవ్రేలు రెండుమారులు దెబ్బతిన్నది ఆ యంచు వలననే. గడపలను లక్ష్మికి వదలి, ఆ యంచును చెక్కించివేసితిని.

తక్కినవి సులువుగానే సాగినవి. గుమ్మముకడ జారుడుబల్లగా మారిన కాళ్ళుతుడుచు పట్టాను తొలగించి, నేలనంటి కదలని రబ్బరుపట్టా వేసితిని. స్నానపుగది గడియ వెలుపలినుండి కూడ తీయ వీలగునట్లు మార్పించితిని. 60 ఏండ్ల కంటికి 20 ఏండ్ల కంటికన్న సుమారు మూడింతల వెలుతురు కావలెనట. కావున మంచము మొదలు స్నానపుగది వరకు చిన్నదీపము లమర్చితిని. అమ్మ వానిని రాత్రి తొమ్మిదింటికే కట్టివేయుచు, నేను పదింటికి మరల వెలిగించుచు, కరెంటు వారికి ఏ నష్టమును రానీయకుంటిమి.

చిక్కంతయు పట్టుకొను కమ్మీ కడనే వచ్చినది. తువాలు వ్రేలాడు కమ్మీ యుండగా వేరొకటి యెందుకని అమ్మ వాదము. ఆ కమ్మీ తువాలు బరువు మోయుటకు పుట్టినది. జారినవాడు దానిని పట్టుకొన్నచో కమ్మీతో సహా పడును. అసలు కమ్మీ నేలనుండి 33 మొదలు 36 అంగుళముల యెత్తున, టైల్సుకు గాక వెనుకనున్న గోడకే బోల్టులతో బిగింపబడవలెను. ఇంత చెప్పినను, "నేనేమైనా మంచాన పడ్డానట్రా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?" అని అమ్మ యడ్డుపడెను. ఆ నలుగురు మా స్నానపుగదిలోనికి ఎప్పుడు వత్తురో నాకు బోధపడలేదు.

మేస్త్రీ డ్రిల్లింగు మిషను చేతపట్టుకొని నిలిచి, "పెద్దమ్మగారికాండీ ఇది?" అని యడిగెను. అమ్మ కన్నులెఱ్ఱజేసెను. తల్లిదండ్రుల పోషణకై 2007లో చేసిన చట్టము 60 నిండినవారినందరిని వయోవృద్ధులుగా పరిగణించుచున్నది. నాకును నిరుడు 60 నిండినవి గావున, ఆ చట్టము ప్రకారము నేను పోషింపవలసిన కుమారుడను, పోషింపబడవలసిన వృద్ధుడను గూడ నైతిని. ఆ ధైర్యముతో, "కాదు, నాకే. మోకాళ్ళ నొప్పులు" అంటిని.

అమ్మ ముఖము క్షణములో మారిపోయినది. మేస్త్రీని ప్రక్కకు జరిపి, తానే గోడపై చేయివైచి చోటు చూపించెను. "గట్టిగా బిగించు నాయనా, పిల్లాడు కాస్త లావుగా ఉంటాడు. ఆ రెండో గోడకి కూడా ఒకటి పెట్టు. మెలకువొస్తే చూసుకోడు, పరుగెత్తుతాడు" అని హెచ్చరించి, మేస్త్రీకి కాఫీ యిచ్చి, కూలి బేరమాడుట సైతము మరచెను.

నాటినుండి ఆమె ప్రతిదినము స్నానమునకు పోవునపుడును, వచ్చునపుడును ఆ కమ్మీని రెండు చేతులతో గట్టిగా పట్టుకొనుచున్నది. అదేమని యడిగితిని. వదులయిందేమోనని నా కొరకు చూచుచున్నదట.