పది పౌండ్ల సోనామసూరి

మా పిన్ని కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. పోయిన నెల ఫోన్ చేసి, "అన్నయ్యా, నాకు జబ్బు తగ్గిపోయిందట" అంది.

"ఎవరన్నారు, డాక్టరా?"

"కాదు. ఇన్సూరెన్స్ వాళ్లు ఉత్తరం రాశారు."

ఆమెకు లూపస్. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి ఒంటి మీదే తిరగబడే జబ్బు. పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి, పచ్చడి సీసా మూత రాదు. ఒకరోజు బాగానే తిరుగుతుంది, మర్నాడు మంచం దిగలేదు. పదిహేనేళ్లు డేటాబేస్‌లతో కుస్తీపట్టిన మనిషి, ఇప్పుడు ఈమెయిల్ చివరికొచ్చేసరికి మొదట్లో ఏముందో మర్చిపోతోంది. అయినా ఆఫీసు గ్రూప్ పాలసీ ఉంది కదా, జీతంలో 60 శాతం చేతికొస్తుంది కదా అని ధైర్యంగానే ఉండేది. (గ్రీన్‌కార్డు వచ్చాక జబ్బొచ్చింది కాబట్టి సరిపోయింది. హెచ్-1బీ మీద ఉండగా ఉద్యోగం ఊడితే మామూలుగా ఇచ్చే గడువు 60 రోజులు. అమెరికాలో మనవాళ్లకి జబ్బు కూడా వీసా చూసుకుని రావాలి.)

ఆ పాలసీ ప్రకారం మొదటి 180 రోజులు పైసా రాదు. దీన్ని 'ఎలిమినేషన్ పీరియడ్' అంటారు. ఎలిమినేట్ అయ్యేది జబ్బా, మనిషా అన్నది మాత్రం పాలసీలో రాయలేదు. ఆ తర్వాత 24 నెలలు 'ఓన్ ఆక్యుపేషన్'. అంటే నీ ఉద్యోగం నువ్వు చేయలేకపోతే చాలు, డబ్బిస్తారు. 25వ నెల నుంచి 'ఎనీ ఆక్యుపేషన్'. నీ చదువుకూ అనుభవానికీ సరిపోయే ఉద్యోగం దేశంలో ఏ ఒక్కటీ చేయలేనని నువ్వే రుజువు చేసుకోవాలి. జబ్బు అదే, మాత్రలు అవే, బిగుసుకున్న వేళ్లు అవే. మారింది గోడ మీద క్యాలెండర్ ఒక్కటే. రుమటాలజిస్టు రెండున్నరేళ్లలో చేయలేని పని క్యాలెండర్ ఒక్క రాత్రిలో చేసేసింది.

ఉత్తరంతో పాటు ఒక వీడియో సంగతీ ఉంది. ఎవరో డిటెక్టివ్ మూడు రోజులు వీళ్లింటి ఎదుట కారు పెట్టుకుని కూర్చున్నాడట. రెండు రోజులు ఆమె అసలు బయటికే రాలేదు. ఆ రెండు రోజులకీ రిపోర్టులో చెరొక వాక్యం: 'క్లెయిమెంట్ కనిపించలేదు.' మూడో రోజు ఇండియన్ స్టోరుకు వెళ్లింది. బండిలోంచి సోనామసూరి సంచి ఎత్తి కారు డిక్కీలో పెట్టింది. దీనికి పేజీన్నర! సంచి మీద అక్షరాలు కనపడేలా జూమ్ చేశాడు: 10 పౌండ్లు. అమెరికా లెక్కల్లో కుర్చీలో కూర్చుని చేసే పనికి అప్పుడప్పుడు 10 పౌండ్లు ఎత్తగలిగితే, ఎనిమిది గంటల్లో ఆరు గంటలు కూర్చోగలిగితే సరి. ఇంకేం, బియ్యం సంచీయే సర్టిఫికెట్ ఇచ్చేసింది. ఆ సాయంత్రం నుంచి రెండు రోజులు ఆమె జడ కూడా వేసుకోలేకపోయింది. ఆ జడ కోసం కెమెరా ఎవరూ పెట్టలేదు.

"పక్కన ఇరవై పౌండ్ల సంచి కూడా ఉంది అన్నయ్యా. రెండు డాలర్లు ఆదా అవుతుందని దాని మీద చెయ్యి కూడా వేశాను. తీసుకుని ఉంటే మూటలు మోసే ఉద్యోగం కూడా చేయగలనని రాసేవాళ్లు."

ఇక వాళ్ల ఇష్టదైవం 'ఆబ్జెక్టివ్ ఎవిడెన్స్'. లూపస్ ఉందని రక్తపరీక్షలు చెబుతున్నాయి, దాన్ని వాళ్లూ కాదనరు. జబ్బుందని ఒప్పుకుంటాం, జబ్బు వల్ల పని చేయలేరంటే ఒప్పుకోం అంటారు. నీరసానికి ఎక్స్‌రే ఏది? నొప్పికి ఫొటో ఏది? కాలో చెయ్యో తెగి ఉంటే గౌరవంగా ఉండేది. ఆరేళ్లుగా చూస్తున్న డాక్టరు నాలుగు పేజీల ఉత్తరం రాస్తే, ఎక్కడో కూర్చున్న ఇంకో డాక్టరు ఆమె మొహమైనా చూడకుండా ఫైలు తిరగేసి 'ఆధారాలు చాలవు' అని తేల్చేశాడు. ఇదేం అన్యాయం అని అడగబోతే, అమెరికా సుప్రీంకోర్టు 2003లోనే చెప్పేసింది: ఇలాంటి ఉద్యోగ పథకాల్లో సొంత డాక్టరు మాటకు ప్రత్యేకంగా విలువ ఇచ్చి తీరాలన్న నియమం లేదని. వైకల్య సర్టిఫికెట్లిచ్చే మన సదరం క్యాంపును మనం ఎంతైనా తిట్టుకుంటాం. పొద్దుటి నుంచి లైన్లో నిలబెట్టి, 40 శాతానికి ఒక్క శాతం తక్కువ రాసి పంపించినా, అక్కడ డాక్టరు కనీసం మనిషిని చూస్తాడు.

అసలు తమాషా సోషల్ సెక్యూరిటీ దగ్గర. 'మీరు ప్రభుత్వ వైకల్య భృతికి కూడా దరఖాస్తు పెట్టండి' అని ఇన్సూరెన్స్ కంపెనీవాళ్లే వెంటపడ్డారు, లాయర్ని కూడా వాళ్లే చూపించారు. ఇంత దయ ఎందుకంటే, సర్కారు ఎంత ఇస్తే అంత వీళ్లు ఇచ్చేదాంట్లోంచి కోసుకోవచ్చు. పాత బకాయి కలిపి ఒకేసారి వస్తే అది కూడా వెనక్కి లాక్కోవచ్చు. ఆ ప్రభుత్వ పరీక్ష చిన్నదేం కాదు. దేశంలో చెప్పుకోదగ్గ ఏ పనీ చేయలేనని అక్కడా ఒప్పించాలి. అక్కడ నిపుణులు చూసే ఉద్యోగాల నిఘంటువును ఆఖరిసారి సవరించింది 1991లో. అందులో గింజలు ఏరే ఉద్యోగం కూడా ఉంది. బెల్టు మీద పోతున్న పప్పుల్లోంచి పుచ్చులు ఏరాలి. మా అమ్మ అరుగు మీద చేటతో జీతం లేకుండా చేసిన పనికి అమెరికాలో కోడ్ నంబరు ఉందన్నమాట! ఆ నిఘంటువులోని ఉద్యోగాల్లో 114 పేర్లు చెప్పి ఇక ఎవరి క్లెయిమూ కొట్టేయబోమని సర్కారువారికి 2024లో తోచింది.

సరే, మా చెల్లెలు ఆ గండం గట్టెక్కింది. ఏ పనీ చేయలేదని సర్కారు ఒప్పుకుంది. బకాయి వచ్చింది, కంపెనీ పట్టుకుపోయింది. ఆ తర్వాతే ఈ ఉత్తరం: మీరు పని చేయగలరు. వాళ్ల ఖాతాలో డబ్బు పడేటప్పుడు ఆమె రోగి, వాళ్ల ఖాతాలోంచి పోయేటప్పుడు ఆరోగ్యవంతురాలు. ఇదేమీ కొత్త విద్య కాదు. 2008లో గ్లెన్ కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఈ నాటకాన్నే తప్పుపట్టింది. డబ్బిచ్చేవాడే తీర్పు కూడా చెప్పడం స్వప్రయోజనాల సంఘర్షణేనని ఒప్పుకుంది కూడా. ఒప్పుకుని, దాన్ని 'పరిగణించాల్సిన అంశాల్లో ఒకటి' అంది. పిల్లి పాలకుండ కాపలాకు కూర్చోవడం తప్పు కాదు, మీసాలకు అంటిన మీగడను పరిగణిస్తే చాలు.

ఇంతకీ ఈ వ్యవహారమంతా నడిచేది 1974 నాటి ఎరిసా చట్టం కింద. ఉద్యోగుల భద్రత కోసం తెచ్చిన చట్టం, పేరులోనే భద్రత ఉంది. దీని కింద జ్యూరీ విచారణ దాదాపు ఉండదు. కంపెనీ మొండికేసినందుకు దండగ వేయరు. ఓడిపోతే ఎప్పుడో ఇవ్వాల్సింది ఇప్పుడిస్తారు, జడ్జికి జాలేస్తే లాయరు ఫీజూ వడ్డీ అదనం. ఇవ్వాల్సిన రోజున ఇవ్వడంలో లాభమేముందో నాకైతే తోచలేదు.

అప్పీలుకు 180 రోజులు గడువు. ఇప్పుడు ఫైల్లో పెట్టని కాగితం తర్వాత కోర్టులో పెడతానంటే సాధారణంగా కుదరదు. కాబట్టి మంచం మీద పడుకునే రిపోర్టులు తెప్పిస్తోంది, తారీఖుల వారీగా పేరుస్తోంది, ఏ రోజు ఎన్ని గంటలు కూర్చోగలిగిందో డైరీ రాస్తోంది.

"ఓ సందేహం అన్నయ్యా. అప్పీలు ఉత్తరం శుభ్రంగా రాస్తే, ఇంత బాగా రాసే మనిషి ఆఫీసులో ఎందుకు రాయలేదంటారు. తప్పులతడకగా రాస్తే కొట్టేస్తారు. ఎలా రాయను?"

"మీ ఆయన చేత రాయించు."

"ఆయన ఇప్పటికే నా ఫారాల కోసం సెలవులన్నీ వాడేశారు."

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. మాట మార్చడానికి బియ్యం సంగతి అడిగాను. ఇప్పుడు ఆన్‌లైన్లో తెప్పించుకుంటోందట. డెలివరీ కుర్రాడు వాకిట్లో పెట్టి, ఫొటో తీసుకుని వెళ్లిపోతాడు. ఎదురుగా ఏదైనా కారు ఆగి ఉందేమో కిటికీ తెరలోంచి చూస్తుంది. కారు లేకపోయినా బయటికి రాదు. సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా సంచి వాకిట్లోనే ఉంటుంది.

"నిన్న వానకు కాస్త తడిసింది అన్నయ్యా" అంది.