కంచె లోపల సున్నా, బయట ముప్పై

శంషాబాద్ విమానాశ్రయం ప్రహరీగోడకు మందు విషయంలో పట్టింపు ఎక్కువ. లోపల పైలట్ 12 గంటల ముందు నుంచే సీసా జోలికి పోకూడదు. బయల్దేరేముందు ఊదాలి, అంకె సున్నా దాటకూడదు. ఒకసారి దొరికితే 3 నెలలు సస్పెన్షన్, రెండోసారి 3 ఏళ్లు, మూడోసారి లైసెన్సుకే తద్దినం. పైలటంటే సరే, 2019 నుంచి లగేజీ బండి తోలేవాణ్నీ అప్పుడప్పుడు ఊదమంటోంది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ.

అదే గోడ, విదేశాల నుంచి దిగినవాడికి డ్యూటీ ఫ్రీలో 2 లీటర్లు చేతికిచ్చి మరీ సాగనంపుతుంది. ఇవతల బండి నడిపేవాడి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాకా చట్టం ఏమీ అనదు. దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185: 6 నెలల దాకా జైలో, 10 వేల జరిమానానో, రెండూనో. మళ్లీ దొరికితే జైలు 2 ఏళ్ల దాకా సాగొచ్చు గానీ, జరిమానా 15 వేలే. పాత ఖాతాదారుకు ఆమాత్రం రాయితీ ఉండొద్దా?

కౌన్సెలింగ్ ఉంది కదా అంటారు. ఉంది. పట్టుబడ్డ ఆసామి భార్యనో తండ్రినో వెంటబెట్టుకుని ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్తాడు. ప్రమాదాల వీడియో వేస్తారు. భార్య ఏడుస్తుంది. ఆయన తల వంచుకుని 'ఇంకెప్పుడూ తాగను సార్' అంటాడు. తర్వాత కోర్టు, జరిమానా, రసీదు. ఆపైన పర్యవేక్షణంతా ఆ ఏడ్చిన ఇల్లాలిదే. జీతం లేదు, సెలవుల్లేవు.

సర్కారుకు నిఘా చేతకాదని కాదు. ప్రతి సీసాకూ హోలోగ్రామ్ అంటించి, డిస్టిలరీ నుంచి డిపోకు, డిపో నుంచి దుకాణానికి దాని జాతకం చెప్పగలదు. కడుపులోకి దిగాకే జాడ తప్పిపోతుంది. 2023లో వైన్‌షాపులకు లాటరీ పెడితే ఒక్క శంషాబాద్ ఎక్సైజ్ పరిధిలోనే దరఖాస్తులు 10 వేలు దాటాయి. అప్పట్లో దరఖాస్తుకు 2 లక్షలు, తగలకపోయినా తిరిగివ్వలేదు. చుక్క అమ్మకముందే 200 కోట్ల పైమాట! తాగుడు మానాలనుకున్నవాడికి చికిత్స లేదా అంటే, ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో ఉంది. ఆ ఊరి పేరెత్తితే చాలు, 'మావాడికేం పిచ్చా?' అని ఇంట్లోవాళ్లే నోరు మూయిస్తారు.

అమెరికాలో సౌత్ డకోటా 2005లో ఓ మొండి పద్ధతి మొదలెట్టింది. తాగి బండి నడుపుతూ మళ్లీ మళ్లీ దొరికేవాడు రోజూ పొద్దునోసారి, సాయంత్రమోసారి వచ్చి ఊదాలి. తాగాడని తేలితే అక్కడికక్కడే ఒకట్రెండు రోజులు లోపల. శిక్ష చిన్నదే, తప్పించుకునే సందే లేదు. ర్యాండ్ సంస్థ పరిశోధకులు లెక్కగడితే, రెండోసారి పట్టుబడే కేసులు 12 శాతం తగ్గాయి.

ఈ ముక్క శంషాబాద్‌లో పర్మిట్ రూమ్ ముందు ఓ పెద్దమనిషితో అన్నాను. ఆయన బైకు తాళం జేబులో వెతుక్కుంటూ తీవ్రంగా ఆలోచించాడు.

"పొద్దుమాపు వచ్చి ఊదుడంటే కష్టమే సారూ. ఠాణాకు బండి మీదనే రావాలె గదా!"